గుర్రపు డెక్కకి మందు కొడితే సరిపోదా? 120 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ నా తప్పు ఒకటి ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నా.

కిందటి నెల లైవ్‌లో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మా ఊరి చెరువు మొత్తం గుర్రపు డెక్క అల్లుకుపోయింది, ఏం చేయాలి?" అని. నేను పెద్దగా ఆలోచించలేదు. "డ్రోన్ మాట్లాడుకోండి, గడ్డి మందు కొట్టించండి, ఒక్క పూటలో అయిపోద్ది" అనేశా. ఆ ముక్క కట్ చేసి రీల్ కూడా పెట్టాం. బాగా తిరిగింది.

నాలుగు రోజులకి మునగాల నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయన చెరువులో చేపలు పట్టే సొసైటీలో మెంబరు. "ఏరా, చెరువులో గడ్డి మందు కొట్టమని చెప్పావంట. కొట్టాక ఆ చేపలు నువ్వొచ్చి కొంటావా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నవ్వులాట కాదురా. మా కుర్రాళ్లు నీ వీడియో చూపించి, తలా ఇంత వేసుకుని మందు తెద్దామంటున్నారు. చేప పిల్లలు వదిలి మూడు నెలలైంది. నీకు తెలిసి చెప్పావా, తెలియక చెప్పావా?"

తెలియకే చెప్పా. ఆ రీల్ అదే రోజు తీసేశాం. కానీ చూసినవాళ్లు చూసేశారు కదా. అందుకని కూర్చుని ఈ విషయం చదివాను. చదివితే ఏం తెలిసిందంటే, నేను లైవ్‌లో ఇచ్చిన సలహా కొత్తదేమీ కాదు. 120 ఏళ్ల కిందటే ఒక దేశం అదే చేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా రికార్డులో ఉంది. ఆ కథే ఈ రోజు.

ముందు ఈ మొక్క సంగతి. గుర్రపు డెక్క మనది కాదు. దీని సొంతూరు దక్షిణ అమెరికా, అమెజాన్ నది పరీవాహకం. ఊదా రంగు పువ్వు అందంగా ఉంటుంది. ఆ అందం చూసే జనం దీన్ని దేశాలు దాటించారు. 1884-85లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ నుంచే అక్కడి ఇళ్ల కొలనుల్లోకి పాకిందని ఎక్కువగా చెప్తారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఫ్లోరిడా, లూసియానా రాష్ట్రాల నదుల్లో పడవలు కదల్లేని పరిస్థితి. మన దేశంలోకి 1890ల్లో బెంగాల్ మీదుగా వచ్చింది. అక్కడా అంతే, తోటల్లో అలంకారానికి తెచ్చుకున్న మొక్కే.

బెంగాల్‌లో ఇది ఎంత ముదిరిందంటే, వరి పొలాలు మునిగాయి, పడవ దారులు మూసుకుపోయాయి. 1921లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకి స్పందన ఉంటుందని చూపించిన సైంటిస్టు అని స్కూల్లో చదువుకున్నాం కదా, ఆయనే. 1936లో దీని కోసమే బెంగాల్‌లో ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. 1937 ఎన్నికల్లో గుర్రపు డెక్క తీసేస్తామన్నది పార్టీల హామీ అయింది. మనకి రుణమాఫీ ఎలాగో, వాళ్లకి అప్పట్లో అది అలాగన్నమాట.

ఇప్పుడు అమెరికాకి వెళ్దాం. మందు కథ మొదలైంది అక్కడే.

1899లో అమెరికా కాంగ్రెస్ తమ ఆర్మీ ఇంజినీర్లకి ఒక పని అప్పజెప్పింది. ఫ్లోరిడా, లూసియానా నదుల్లో పడవలకి అడ్డొస్తున్న ఈ మొక్కని తీసేయండి అని. వాళ్లు ముందు యంత్రాలతో ప్రయత్నించారు. తీసినదానికంటే పెరిగేది ఎక్కువ. 1902లో రసాయనాలు వాడుకోవచ్చని అనుమతి వచ్చింది. అప్పుడు వాళ్లకి అందుబాటులో ఉన్న మందు ఏంటంటే సోడియం ఆర్సెనైట్. ఆర్సెనిక్, అంటే పాషాణం. పడవల మీద నుంచి దాన్ని పిచికారీ చేశారు. మొక్కలు మాడిపోయాయి. సక్సెస్.

కానీ ఒడ్డున పశువులున్నాయి. అవి నీళ్ల అంచున ఉన్న ఆకు మేస్తాయి. మందు పడిన ఆకు మేసి పశువులు చచ్చిపోయాయి. రైతులు గొడవ చేశారు. 1905లో కాంగ్రెసే వెనక్కి తగ్గింది. ఫ్లోరిడాలో పశువులకి హాని చేసే రసాయనం వాడకూడదని చట్టంలో రాసింది. లూసియానాలో మాత్రం ఆర్సెనిక్ వాడకం ఇంకా కొన్ని దశాబ్దాలు నడిచింది.

మధ్యలో ఒక తమాషా. 1910లో లూసియానా ప్రతినిధి రాబర్ట్ బ్రూసార్డ్ కాంగ్రెస్‌లో ఒక బిల్లు పెట్టాడు. ఆఫ్రికా నుంచి నీటి ఏనుగులు, అంటే హిప్పోలు తెప్పిద్దాం, అవి గుర్రపు డెక్క తింటాయి, హిప్పో మాంసం మనం తిందాం అని. జోక్ కాదు, నిజంగానే పెట్టాడు. బిల్లు పాస్ కాలేదు. నవ్వొస్తుంది కానీ, ఆర్సెనిక్ దెబ్బ తిన్నాక జనం ఎంత దిక్కుతోచక ఉన్నారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

సరే, అదే కాలంలో మన దగ్గర ఏముంది? ఇక్కడ మునగాల గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేటకీ కోదాడకీ మధ్య కనిపించే మునగాల, అప్పట్లో నైజాంలో లేదు. చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో మునగాల పరగణా మాత్రం ఇంగ్లీషువాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద. జమీందారు కోట నడిగూడెంలో. విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఈ సంస్థానానికే దివాన్‌గా చేశారు. పరగణా నల్గొండ జిల్లాలో కలిసింది 1959లో. సూర్యాపేట జిల్లా వచ్చింది 2016లో.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 1919లో మద్రాసు ప్రభుత్వం పంటల పురుగులు, తెగుళ్ల మీద ఒక చట్టం తెచ్చింది. ప్రమాదకరమైన కలుపు మొక్కలు కూడా అందులోకే వస్తాయి. ప్రభుత్వం ఏదైనా కలుపుని నోటిఫై చేస్తే, ఆ భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే దాన్ని తీసేయాలి. అంటే మునగాల పరగణా ఊరికి ఆ చట్టం ఉంది, పొలిమేర దాటితే పక్కనే ఉన్న నైజాం ఊరికి లేదు. కానీ వాగులో కొట్టుకొచ్చే మొక్క పొలిమేర చూడదు కదా. మీ చెరువు మీరు శుభ్రం చేసుకున్నా, పై చెరువు అలుగు పోస్తే మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తా.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొత్త మందు వచ్చింది. 2,4-డి. బ్రిటన్‌లో, అమెరికాలో దాదాపు ఒకేసారి కనిపెట్టారు. ఆర్సెనిక్‌లా ఇది అన్నిటినీ చంపే విషం కాదు. మొక్క పెరుగుదలకి ఆక్సిన్ అనే హార్మోన్ ఉంటుంది. 2,4-డి దానికి నకలు లాంటిది. వెడల్పాటి ఆకు ఉన్న మొక్క మీద పడితే, ఆ మొక్క అదుపు లేకుండా పెరగబోయి, మెలికలు తిరిగి చచ్చిపోతుంది. వరి, గోధుమ లాంటి గడ్డి జాతికి పెద్దగా ఏమీ కాదు. గుర్రపు డెక్క మీద బాగా పని చేసింది. 1940ల చివరి నుంచి అమెరికాలో దీన్నే వాడారు. మన దేశంలో కూడా గుర్రపు డెక్కకి ఎక్కువగా వినిపించే మందు పేరు ఇదే.

వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం ఇదే అని మీరు విని ఉంటారు. నిజమే. కానీ పూర్తి నిజం చెప్పుకుందాం. అక్కడ తరతరాలకి హాని చేసిన డయాక్సిన్ వచ్చింది రెండో సగం నుంచి, అంటే 2,4,5-టి నుంచి. కాబట్టి 2,4-డి చూడగానే వియత్నాం అని భయపెట్టడం కరెక్ట్ కాదు. మన భయం వేరే ఉంది. అది పత్తి.

మన దిక్కు పత్తి రైతుని అడగండి. వరికి 2,4-డి కొట్టిన పంపు సరిగ్గా కడగకుండా పత్తికి వాడితే ఏమవుతుందో చెప్తారు. ఆకులు సన్నగా, వేళ్లలా సాగిపోతాయి, ముడుచుకుంటాయి. పంట దెబ్బతింటుంది. అందుకే తెలిసినవాళ్లు దానికి వేరే పంపు పెట్టుకుంటారు. పత్తికి ఈ మందు గాలిలో కొద్దిగా వచ్చినా పడదు. ఇప్పుడు ఆలోచించండి. చెరువు కట్ట అవతల పత్తి చేను. చెరువు మీద డ్రోన్‌తో 2,4-డి. సాయంత్రం గాలి. నేను రీల్‌లో ఇచ్చిన సలహా అది.

మూడో మందు గ్లైఫోసేట్. 1970లో మోన్‌శాంటో కంపెనీలో జాన్ ఫ్రాంజ్ అనే కెమిస్టు దీని గుణం కనిపెట్టాడు. 1974లో మార్కెట్లోకి వచ్చింది. ఇది వెడల్పాకు, గడ్డి అని తేడా చూడదు, పచ్చగా ఉన్నదాన్నల్లా చంపుతుంది. మన దగ్గర గడ్డి మందు అంటే చాలామందికి ఇదే. 2018లో తెలంగాణ ప్రభుత్వం దీని అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కారణం చెరువులు కాదు, అనుమతి లేని హెచ్‌టీ పత్తి. 2022 అక్టోబర్‌లో కేంద్రం, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దీన్ని వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి.

గ్లైఫోసేట్‌తో నాకు కొత్తగా తెలిసిన విషయం ఒకటుంది. డబ్బాలో ఉండేది ఒక్క గ్లైఫోసేట్ కాదు. ఆకుకి అంటుకోవడానికి సబ్బు లాంటి పదార్థం కలుపుతారు. నేల మీద వాడే రకాల్లో కలిపే ఆ పదార్థాల్లో కొన్ని, చేపలకీ కప్ప పిల్లలకీ గ్లైఫోసేట్ కంటే ఎక్కువ హాని చేస్తాయి. అందుకే అమెరికాలో నీళ్ల మీద వాడటానికి అది లేకుండా వేరే రకం అమ్ముతారు. మన షాపులో దొరికే డబ్బా గట్ల మీదికి, తేయాకు తోటలకి. చెరువుకి తయారు చేసింది కాదు.

సరే, మంచి మందే దొరికింది, గాలి లేదు, పత్తి లేదు అనుకుందాం. అప్పుడైనా ఓకేనా? ఇక్కడే అసలు సంగతి. చచ్చిన మొక్క ఎక్కడికి పోతుంది?

లెక్క వేద్దాం, ఇంజినీరింగ్ చదివినందుకు ఇదైనా చేయాలి కదా. దట్టంగా అల్లుకున్న గుర్రపు డెక్క హెక్టారుకి 200 టన్నుల దాకా తేలిగ్గా ఉంటుంది. పది ఎకరాలు, అంటే 4 హెక్టార్లు కప్పేసిందనుకోండి. 800 టన్నులు. దాంట్లో 90 శాతం పైగా నీళ్లే. మిగిలిన దాన్ని తీసుకున్నా పదుల టన్నుల కుళ్లే సరుకు. మందు కొడితే అదంతా రెండు మూడు వారాల్లో నీళ్లలో మునిగి కుళ్లుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బాబాయికి ఈ కెమిస్ట్రీ పేర్లేవీ తెలియవు. కానీ ఆయన అడిగిన ప్రశ్న ఇదే. మందు విషం కాకపోయినా సరే, చేపలు ఊపిరాడక చస్తాయి.

అందుకే ప్రపంచంలో మందు వాడేవాళ్లు కూడా చెరువు మొత్తానికి ఒకేసారి కొట్టరు. మూడో వంతో నాలుగో వంతో కొట్టి, అది కుళ్లి నీళ్లు కోలుకున్నాక మిగతాది చూస్తారు. నేను చెప్పింది "ఒక్క పూటలో".

ఇంకో లెక్క. అనుకూలమైన వాతావరణంలో ఈ మొక్క రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. మందు కొట్టాక తుంగ చాటున 10 సెంట్ల మేర మిగిలిందనుకోండి. రెండు వారాలకి 20 సెంట్లు. నాలుగు వారాలకి 40. అలా ఆరుసార్లు రెట్టింపైతే 640 సెంట్లు, అంటే 6.4 ఎకరాలు. పన్నెండు వారాలు, మూడు నెలలు. కింద బురదలో పడిన గింజలు 15 ఏళ్లకి పైగా మొలకెత్తే శక్తితో ఉంటాయి. కుళ్లిన మొక్క వదిలిన నత్రజని, భాస్వరం ఎలాగూ నీళ్లలోనే ఉన్నాయి, కొత్త మొక్కకి ఎరువుగా.

మరి మందు ఎక్కడా పని చేయలేదా? చేసింది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మళ్లీ సగం నిజమే అవుతుంది. ఫ్లోరిడాలో 1960ల నాటికి లక్ష ఎకరాలకి పైగా ఉన్న గుర్రపు డెక్కని కొన్ని వేల ఎకరాలకి దించారు. ప్రధానంగా 2,4-డి తోనే. కానీ పద్ధతి వేరు. పెరిగేదాకా ఆగి ఒక్కసారి కొట్టడం కాదు. ఏడాది పొడవునా శిక్షణ పొందిన సిబ్బంది తిరుగుతూ, చిన్న గుంపు కనబడగానే కొడతారు. మొత్తం మీద మందు కూడా తక్కువ పడుతుంది, కుళ్లేదీ తక్కువ. దానికి ప్రతి ఏటా బడ్జెట్ ఉంటుంది. అయినా 2019 జనవరిలో జనం అభ్యంతరాలతో అక్కడి వన్యప్రాణి సంస్థ పిచికారీని కొంతకాలం ఆపి, సమావేశాలు పెట్టి, తర్వాత మొదలుపెట్టింది.

మందు కాకుండా ఇంకో దారి పురుగు. గుర్రపు డెక్కని మాత్రమే తినే నియోకెటినా అనే ముక్కు పురుగులున్నాయి, అవీ దక్షిణ అమెరికావే. 1980ల్లో బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వీటిని తెప్పించి, పరీక్షించి, అక్కడి చెరువుల్లో వదిలింది. కొన్ని చెరువుల్లో గుర్రపు డెక్క బాగా తగ్గింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులో 1990ల్లో ఇవే పెద్ద పని చేశాయి. కానీ నెలల్లో కాదు, ఏళ్లలో. పైగా పురుగు పిల్లలు మొక్క కాడల్లోనే ఉంటాయి. చెరువు మొత్తం మందు కొట్టేస్తే పురుగు కూడా పోతుంది. రెండూ కావాలంటే కొంత భాగం వదిలేయాలి.

విక్టోరియాలో కూడా కొన్నేళ్ల తర్వాత కొన్ని చోట్ల మొక్క తిరిగొచ్చింది. ఎందుకంటే సరస్సులోకి మురుగు, ఎరువు వస్తూనే ఉన్నాయి. మనకి అర్థం కావాలంటే మూసీని చూడండి. హైదరాబాద్ మురుగంతా మోసుకుని సూర్యాపేట దగ్గర సోలిపేటలో ఉన్న మూసీ ప్రాజెక్టు మీదుగా మిర్యాలగూడ వైపు వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. ఆ దారంతా గుర్రపు డెక్కకి విందు భోజనమే. మన ఊరి చెరువుల్లోకి ఊరి మురుగు కాలువ, పొలాల నుంచి యూరియా, డీఏపీ కరిగిన నీళ్లు. మొక్కని చంపుతూ, పైనుంచి అన్నం పెడుతున్నాం.

ఈ 120 ఏళ్ల కథలో నాకు అర్థమైంది ఒక్కటే. మొక్కని చంపడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆర్సెనిక్ చంపింది, 2,4-డి చంపింది, గ్లైఫోసేట్ చంపింది. ప్రతిసారీ ఖర్చు మాత్రం మందు కొట్టమన్నవాడు భరించలేదు. ఒడ్డున పశువులున్న రైతు భరించాడు. పక్కన పత్తి వేసినవాడు, చెరువులో చేప పిల్లలు వదిలినవాడు భరిస్తారు. వీడియో చేసి పడుకునే నాకు అయ్యే నష్టం సున్నా.

మరి ఏం చేయాలి? బాబాయితో, ఆ సొసైటీ కుర్రాళ్లతో రెండు రోజులు మాట్లాడాక మేం అనుకున్నది చెప్తా. మీ ఊరికి పనికొస్తే తీసుకోండి.

ఒకటి, చెరువులోకి నీళ్లొచ్చే కాలువ దగ్గర వెదురు బొంగులతో తేలే అడ్డు కట్టడం. పైనుంచి కొట్టుకొచ్చే మొక్కని అక్కడే ఆపి, రోజూ తీసేయాలి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పొలిమేర పాయింట్ ఇదే. పై చెరువు ఊరివాళ్లతో కూడా మాట్లాడాలి.

రెండు, నీళ్లు తగ్గే ఎండాకాలంలో తీయించడం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు మన ఊళ్లు జేసీబీ, ట్రాక్టర్లతో ఈ పని చూసినవే. నీళ్లు నిండి ఉన్నప్పుడు తీస్తే మోసేదంతా నీళ్లే. తీసింది కట్ట మీద వదిలేస్తే మొదటి వానకే మళ్లీ చెరువులోకి. దూరంగా పోసి ఎండబెట్టాలి.

మూడు, తీసేశాక వారానికి ఒకసారి తెప్ప మీద చుట్టూ తిరగడం. 10 సెంట్లు ఉన్నప్పుడు నలుగురు మనుషులు చాలు. ఆరు ఎకరాలయ్యాక యంత్రాలు కావాలి. చేపలు పట్టేవాళ్లు ఎలాగూ నీళ్లలోనే ఉంటారు, కానీ వాళ్ల కూలి గిట్టుబాటు చేయాలి. ఫ్రీ సర్వీస్ కాదు.

నాలుగు, మందు తప్పదు అనుకుంటే సొంతంగా వద్దు. నీటిపారుదల, మత్స్య శాఖల వాళ్లని అడగండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కలుపు మీదే పని చేసే శాస్త్రవేత్తలున్నారు. చెరువు చుట్టూ ఏ పంటలున్నాయి, పశువులు ఎక్కడ నీళ్లు తాగుతాయి, చేప పిల్లలు ఎప్పుడు వదిలారు, ఈ మూడూ రాసుకుని వెళ్లండి. ఈ మూడూ అడగకుండా మందు పేరు చెప్పేవాడి మాట వినొద్దు. కిందటి నెల నా మాట కూడా వినకూడదు.

మునగాల సొసైటీ వాళ్లు మందు ఆలోచన ప్రస్తుతానికి ఆపారు. బొంగుల అడ్డుకి కావాల్సిన ఖర్చు రీల్ మీద వచ్చిన డబ్బుల్లోంచి నేనిస్తానన్నా. బాబాయి, "ముందు నువ్వొచ్చి ఒక రోజు తెప్ప ఎక్కి పీకు, తర్వాత డబ్బుల సంగతి" అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్తున్నా. ఎన్ని సెంట్లు తీశామో, మూడు నెలల తర్వాత ఎంత మిగిలిందో కొలిచి ఇక్కడే చూపిస్తా. తిరిగి పెరిగితే అది కూడా చూపిస్తా.

పాత రీల్ మీ ఫోన్లో, మీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటే డిలీట్ చేయండి. దాని బదులు ఇది పంపండి. ఉంటా మరి, నమస్తే.